వేటకుక్క మెడకు గుది

పోలేరమ్మ మేకలు కాచినన్నాళ్లూ ఒక్క మేకను పోగొట్టుకోలేదు. రాయచోటి పక్కన ఆమె ఊళ్లో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. అడగకపోతే ఆమే చెబుతుంది. తొమ్మిదేళ్లప్పుడు పట్టిన కట్టె ముప్పై ఎనిమిదేళ్లకు దించింది. మధ్యలో కరువులు వచ్చాయి, తోడేళ్లు వచ్చాయి, మొగుడొచ్చాడు, పోయాడు. మేక మాత్రం పోలేదు. అలాంటి మనిషి కువైట్‌కు వచ్చి, సబా అల్ సలేంలో నాలుగు గోడల మధ్య, ఒకే ఒక్క కుక్కను గోడ దూకకుండా ఆపలేకపోయిందంటే ఆ సిగ్గు ఎక్కడ దాచుకోవాలి.

కుక్క పేరు బర్గ్. మెరుపని అర్థమట. స్లూగీ జాతి వేటకుక్క. సన్నటి మూతి, పొడుగు కాళ్లు, వీపుకు అంటుకుపోయిన కడుపు, చెవులకు ఆడదాని సవరంలాంటి వెంట్రుకలు. దాన్ని మొదటిసారి చూసినప్పుడే పోలేరమ్మ, "ఇదేం కుక్క, కరువులో మేక మాదిరి ఉండాది" అనేసింది. దాన్ని మేకపాలు పోసి పెంచిన పెద్దమామాకు ఆ తెలుగు అర్థం కాలేదు గాని మూతి విరుపు అర్థమైంది. ఆ రోజంతా ఆమె పోలేరమ్మ చేతి కాఫీ తాగలేదు.

అక్కడి పనివాళ్లు యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలుస్తారు. పెద్దమామా అంటే ఆ ఇంటి యజమాని జాసిమ్ బాబా తల్లి. డెబ్బై దాటిన మనిషి. గడ్డం మీద ఎడారి వాళ్లు పొడిపించుకునే పచ్చబొట్టు, చేతిలో కర్ర, నోట్లో మిరపకాయ. అరబ్బీ నోటికి 'ప' తిరగదు కనుక పోలేరమ్మను "బోలీ" అని పిలిచేది. ఆమె అరబ్బీలో తిడితే ఈమె తెలుగులో గొణిగేది. ఆమెకు ఈ గొణుగుడు తెలియదని ఈమె ధైర్యం. ఇట్లా ఆరేళ్లుగా రెండు నోళ్లూ ఒకే కప్పు కింద సుఖంగానే కాపురం చేస్తున్నాయి.

ప్రతి సాయంత్రం పెద్దమామా పెరట్లో సిద్ర్ చెట్టు కింద చాప వేయించుకుని కూర్చునేది. సిద్ర్ అని వాళ్లంటారు గాని, చూస్తే మన రేగిచెట్టే. అక్కడ కూర్చుని కాఫీ గింజలు తనే దంచుకునేది. ఆమె రోకలి జానెడున్నర కొయ్య. దాని తలకు చిన్న ఇత్తడి పూలు దిగేసి ఉండేవి. తల్లి ఇచ్చిందట పెళ్లినాడు. దాన్ని కడగనైనా పోలేరమ్మకు ఇచ్చేది కాదు. కుక్క ఆమె పాదాల మీద మూతి పెట్టుకుని పడుకునేది. నమాజు చేసే ఇంట్లోకి కుక్క రాకూడదు గనక దాని లోకమంతా ఆ పెరడూ, ఆ పాదాలే.

1990 జూలైలో జాసిమ్ బాబా పెళ్లాం బిడ్డలతో లండన్ పోయాడు. ఆగస్టు రెండో తేదీ గురువారం పొద్దున పోలేరమ్మ చెత్త పారేద్దామని గేటు తీస్తే రోడ్డు మీద ట్యాంకులు పోతున్నాయి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, ఇవి మనకు పనికొచ్చేవి కావని చెత్తతో సహా లోపలికి వచ్చేసింది.

వారం రోజుల్లోనే వీధి మొగలో ఇసుక మూటలు పేర్చి ఇరాక్ సిపాయిలు కాపలా కూర్చున్నారు. ఎదుటి బడి మిద్దె మీద ఇద్దరు నిలబడి జనం పెరళ్లలోకి చూస్తూ ఉండేవాళ్లు. జాసిమ్ బాబా కువైట్ సైన్యంలో ఆఫీసరు. ఆఫీసర్ల ఇళ్లలో ఎవరు దొరికినా తీసుకుపోతున్నారని, పోయినవాళ్లు తిరిగి రావడం లేదని నోటా నోటా తెలిసింది. చుట్టాలు కారు తెచ్చి సౌదీకి పోదాం రమ్మంటే పెద్దమామా కదలలేదు.

"నా మొగుడు ఇక్కడ మట్టిలో ఉన్నాడు. నేను ఏసీ కారులో పారిపోనా" అంది.

చుట్టాలు పోయారు. పోలేరమ్మ గేటు మీద జాసిమ్ బాబా పేరున్న రాతి పలకను సుత్తితో పగలగొట్టింది. పెద్దమామాను మేడ మీద వెనక గదిలో పెట్టి కిటికీలు మూసింది. సిపాయిలు తలుపు తట్టినప్పుడు, "ఇంట్లోవాళ్లు అంతా పోయినారు. నేను పనిదాన్ని. మిమ్మల్ని చూస్తే భయమేస్తాది, కాబట్టి పోండి" అని తనకొచ్చిన వంటింటి అరబ్బీలో చెప్పింది. ఆ భయపడే మనిషి గొంతు విని వాళ్లే రెండడుగులు వెనక్కి వేశారు. అంతటితో సరిపోయేదే. కాని కుక్క గోడ దూకడం మొదలుపెట్టింది.

ముందెన్నడూ దూకలేదు. ఇప్పుడు రోజూ పొద్దున పెరడంతా ఒకసారి తిరుగుతుంది, చెట్టు కింద వాసన చూస్తుంది, నాలుగడుగులు వెనక్కి పోతుంది, పరుగెత్తుకొచ్చి మనిషెత్తు గోడ మీద ముంగాళ్లు ఆనించి అవతలికి పోతుంది. వీధి వీధీ తిరిగి, ఎవరెవరి గేట్ల దగ్గరో నిలబడి, మధ్యాహ్నానికి వస్తుంది. స్లూగీ కుక్క పనిమనిషిది కాదని పసిపిల్లవాడికైనా తెలుసు. ఏదో ఒక రోజు ఒక సిపాయి దాని వెంట పడతాడు. వెంటబడితే గేటు, గేటు దాటితే మెట్లు, మెట్లెక్కితే ముసలమ్మ.

"అది నా కోసం వెతుకుతోంది" అంది పెద్దమామా మంచం మీద కూర్చుని. "నేను చెట్టు కింద కనబడ్డం లేదు కదా."

"మీ కోసమా. బాగుండాది" అంది పోలేరమ్మ. "దొంగతిండి మరిగింది అది. జీవాల సంగతి నాకు చెప్తారా? ముప్పై ఏండ్లు కాచినా."

"నువ్వు కాచింది మేకల్ని."

"నాలుగు కాళ్లుంటే అన్నీ ఒకటే."

మొదట గోడ పక్కనున్న పూలకుండీలు, పాత కుర్చీలు, నీళ్ల డ్రమ్ము అన్నీ ఈడ్చి నడిమధ్యకు చేర్చింది. ఎక్కేదానికి ఏమీ లేకపోతే ఎక్కడెక్కుతుందని ఆమె లెక్క. కుక్క అన్నీ ఒక్కచోట చేర్చినందుకు మెచ్చుకున్నట్టు వాటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఖాళీ అయిన గోడ మీదుగా ఇంకా సులువుగా దూకింది.

రెండోది కంప. సిద్ర్ కొమ్మలు నరికి, ముళ్లు ఆకాశానికి చూసేటట్టు గోడ పొడుగునా పరిచి రాళ్లు పెట్టింది. ఊళ్లో మేకల దొడ్డికి కట్టే కంపకంటే ఇదే బాగా వచ్చిందని మేడ మీదికి పోయి పెద్దమామాకు చెప్పి వచ్చింది. మధ్యాహ్నం ఎర్రటి దుమ్ముగాలి లేచింది. గాలి తగ్గాక చూస్తే గోడ మీద ఒక్క ముల్లు లేదు. అవతలి పెరట్లోంచి ఎలీసమ్మ తల పైకి లేచింది.

ఎలీసమ్మ పక్కింట్లో పనిమనిషి. నరసాపురం దగ్గర ఊరు. ఆమె యజమానులు మొదటి వారంలోనే పారిపోయారు.

"ఏంటే పోలేరమ్మా, ముళ్ల కిరీటం ప్రభువుకి పెట్టారు గానీ నా జాకెట్లకి ఎవరూ పెట్టలేదే. తీగ మీద ఆరేసినవన్నీ జల్లెడైపోయినయ్యి."

"నీ జాకెట్ల సంగతి తర్వాత. కుక్క ఆగిందా?"

"ఆగిందే. మా తులసి మొక్క దగ్గర ఆగి, కాలెత్తి, మళ్లీ దూకింది."

"మీ ఇంట్లో తులసి యాడిదే, కిరస్తానీదానివి."

"దగ్గుకి మంచిదని పెంచుతున్నానమ్మా. దానిక్కూడా మతం అంటగడతావేంటి."

మూడోది తాడు. కుక్కను చెట్టుకు కట్టేసింది. అది దూకడం మానేసి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు సన్నగా, పొడుగ్గా, చావింటి ఏడుపులా ఉంది. బడి మిద్దె మీది సిపాయిలు ఇటే తిరిగి చూశారు. మేడ మీద పెద్దమామా కర్రతో నేల పొడవసాగింది. కుక్కను విప్పేదాకా ఆ పొడుపు ఆగేటట్టు లేదు. కింద కుక్క, పైన కర్ర, మధ్యలో పోలేరమ్మ. చివరకు ఆమె ఎటూ తేల్చకముందే కుక్క తాడు కొరికి గోడ దూకేసింది.

సెప్టెంబరులో మనవాళ్లను బస్సుల్లో బాగ్దాదు మీదుగా జోర్డాన్ చేర్చి, అక్కడినుంచి విమానం ఎక్కిస్తున్నారని కబురొచ్చింది. ఎలీసమ్మ మూట కట్టింది. గోడ దగ్గరికి వచ్చి చివరిసారి అడిగింది.

"వచ్చేయవే. ఇంకో సీటుంది. ఎవరి కోసం ఉంటావిక్కడ?"

"కుక్క ఉండాది గదా."

"కుక్క కోసం ప్రాణం పెడతావా?"

"పైన ఇంకోటి ఉండాది. అది కరవదు, కరిచినట్టు మాట్లాడ్తాది. దాన్నెవరు చూస్తారు?"

ఎలీసమ్మకు పెద్దమామా సంగతి తెలుసు. కాసేపు గోడకు గడ్డం ఆనించి ఆలోచించింది. లోపలికి పోయి ఒక తెల్ల చీర తెచ్చి ఇవతలికి ఇచ్చింది.

"చర్చికి కట్టుకునేది. ముసలావిడకి కట్టు. ఎవరైనా వస్తే మీ అత్తగారని చెప్పు. ఇండియావాళ్లని వాళ్లు ఏమీ అనట్లేదు."

"మా అత్త సచ్చి పన్నెండేండ్లాయె. ఒకదాన్ని సాగనంపేదానికే నా సగం ప్రాణం పాయె, ఇప్పుడు కోరి ఇంకోదాన్ని తెచ్చుకోవల్లనా?"

"తెచ్చుకోవే. ఈవిడకి నీ మీద కనీసం ఆస్తి గొడవల్లేవు" అని ఎలీసమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

చీర కట్టడానికి రెండు రోజులు సాధన చేశారు. పెద్దమామా తన పొడుగు గౌను విప్పనంది. సరే, అదే లంగా అనుకుని దాని మీదే చుట్టింది పోలేరమ్మ. కొంగు తలమీదికి లాగింది. చూస్తే ముస్లిం ముసలమ్మ, కిరస్తానీ చీర, హిందూ అత్త. దేవుళ్లు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నా ఈ అత్తను ఎవరి లెక్కలో వేయాలో తేల్చలేరు.

"బొట్టు పెట్టుకోవల్ల" అంది పోలేరమ్మ.

"హరామ్."

"అయితే మా మామ పోయినాడని చెప్తాలే."

"మామ ఎవరు?"

"మీ మొగుడు."

"ఆయన నిజంగానే పోయాడు."

"మంచిదే. ఒక అబద్ధం తగ్గె. ఇంకొకటి చూడండి, నోరు తెరవకూడదు. మీ అరబ్బీ వింటే వానికి ఇట్టే తెల్సిపోతాది. మూగదాని మాదిరి ఉండల్ల."

పెద్దమామా చాలాసేపు ఆలోచించి, "ఎంతసేపు?" అంది.

"వాడు పోయేదంక."

"కష్టం" అంది ఆమె నిజాయితీగా.

అత్త తయారైంది గాని కుక్క ఆగలేదు. అప్పుడు పోలేరమ్మకు గుది గుర్తొచ్చింది. అంతవరకు రానందుకు తన్ను తానే తిట్టుకుంది. ఊళ్లో పరుల చేలలో పడే దొంగగొడ్డుకు మెడలో ఒక కొయ్య కడతారు. అది సరిగ్గా ముంగాళ్ల మధ్య వేలాడుతుంది. నడిస్తే పరవాలేదు, పరుగెత్తితే మోకాళ్లకు కొట్టుకుంటుంది. దూకడమన్న మాటే ఉండదు. కొమ్ములు తిరిగిన ఎద్దులే గుదికి బుద్ధి తెచ్చుకున్నాయి, ఈ ఎముకల గూడెంత.

కొయ్య కోసం ఇల్లంతా వెతికింది. గరిట పొట్టి, చీపురుకర్ర పొడుగు. వంటింటి అలమరలో పెద్దమామా కాఫీ రోకలి కనబడింది. కాఫీ గింజలు అయిపోయి నెలయింది. దానికి మాత్రం ఏం పని ఉందిప్పుడు. కొలత చూస్తే దేవుడు గుది కోసమే చేసినట్టుంది. బట్టల తీగ తెంపి రోకలి నడుముకు బిగించి కుక్క మెడకు కట్టింది. పెద్దమామాకు చెప్పలేదు. అడిగితే వద్దంటుంది. వద్దన్నాక చేస్తే తప్పవుతుంది, అడక్కుండా చేస్తే తప్పెట్లా అవుతుంది.

మొదటి రోజు బ్రహ్మాండంగా పనిచేసింది. కుక్క రెండడుగులు వేసి, మోకాలికి తగిలితే ఆగి, కిందికి చూసి, పోలేరమ్మ వైపు చూసి, కూలబడింది. పోలేరమ్మ మేడెక్కి చెప్పింది, "ఖలాస్. ఇంక దూకదు. నా కాడ ఇన్ని తెలివితేటలుండాయి." ఎట్లా ఆపావని పెద్దమామా అడిగితే, "మా ఊరి మందు" అంది.

రెండో రోజు పొద్దున ఆమె చూస్తుండగానే కుక్క పెరట్లో నిలబడి ఆలోచించింది. తల వంచి రోకలిని అడ్డంగా నోట కరుచుకుంది. నాలుగడుగులు వెనక్కి పోయి, పరుగెత్తుకొచ్చి, రోకలి నోట్లో పెట్టుకునే గోడ దూకింది. ఇత్తడి పూలు ఎండలో ఒక్కసారి మెరిసి అవతల పడ్డాయి.

 పోలేరమ్మకు కోపానికి ముందు మెచ్చుకోలే వచ్చింది. ఇంత తెలివి తన మేకల్లో ఒక్కదానికి ఉన్నా తన పేరు నిలిచేది కాదనిపించింది.

ఆ మధ్యాహ్నం కుక్క వేళకు రాలేదు. ఏదో కీడు శంకించి పోలేరమ్మ పెద్దమామాకు చీర కట్టి, కిందికి దింపి, వంటింటి గడప లోపల పీట మీద కూర్చోబెట్టి అన్నం పప్పు కలిపి పళ్లెం చేతికిచ్చింది. అత్త అన్నం తింటూ ఉంటే అత్తలాగే ఉంటుందని. సగం పళ్లెం అయిందో లేదో పెరటి గేటు చప్పుడైంది.

గేటు తీస్తే తుపాకీ భుజాన వేసుకున్న ఒక సిపాయి. నలభై దాటినవాడు, మీసం నెరిసినవాడు. ఒక చేత్తో రోకలి పట్టుకుని ఉన్నాడు. రోకలికి తీగ, తీగకు కుక్క.

"అస్సలాము అలైకుం" అన్నాడు లోపలికి చూస్తూ.

సలాముకు బదులు చెప్పకపోవడం పెద్దమామా పుట్టినప్పటినుంచి ఎరగదు. ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. పోలేరమ్మ ఒక్క అంగలో పోయి ఆ తెరిచిన నోట్లో అన్నం ముద్ద కుక్కింది.

"తిను అత్తా, తిను. పండ్లు లేవు కదా, నేను పెడితే తప్ప తినదు" అని సిపాయికి అరబ్బీలో చెప్పింది. పెద్దమామా నోటి నిండా ముద్దతో కళ్లతో మాత్రం మాట్లాడింది. ఆ కళ్లు చెప్పింది మంచి మాట కాదు.

"ఈ కుక్క ఎవరిది?" అన్నాడు సిపాయి.

"యజమానులది. వాళ్లు పోయినారు. మమ్మల్ని, దీన్ని వదిలేసి పోయినారు."

"ఈవిడ?"

"మా అత్త. మొగుడు పోయినాడు. చెవుడు, మూగ. నన్ను చూసేదానికి ఇండియా నుంచి వచ్చి ఇక్కడ ఇరుక్కుపోయింది."

సిపాయి రెండడుగులు ముందుకు వచ్చి పెద్దమామా గడ్డం కేసి చూశాడు. చూపు పచ్చబొట్టు మీద ఆగింది. పోలేరమ్మ మధ్యలోకి వచ్చింది. రవిక చేయి మోచేతిదాకా లాగి తన పచ్చబొట్టు చూపించింది. తేలు బొమ్మ, పక్కన మొగుడి పేరులో సగం.

"మా వాళ్లంతా పొడిపించుకుంటారు. మొగుడి పేరు పూర్తిగా పొడిపిద్దామంటే నొప్పికి ఓర్చుకోలేకపోతి" అంది.

"మా అమ్మకు కూడా గడ్డం మీదే ఉంది" అన్నాడు సిపాయి. గొంతు కొంచెం తగ్గింది. తర్వాత చేతిలోని రోకలిని పైకెత్తాడు. "ఇది ఎవరు కట్టారు?"

"నేనే" అంది పోలేరమ్మ, తప్పుచేసినదానిలా కాదు, తన పేరు అడిగినట్టు.

సిపాయి నవ్వడం మొదలుపెట్టాడు. తుపాకీ కదిలేదాకా నవ్వాడు. "మాది నీటి ఒడ్డు ఊరు. పది గేదెలు మాకు. దొంగ గేదె మెడకు మేమూ కట్టె కడతాం. కుక్కకు కట్టిన మనిషిని ఇప్పుడే చూస్తున్నా. ఎవరో కువైటీవాళ్లు దాక్కున్న ఇల్లేమో చూసి రమ్మని మా ఆఫీసరు పంపాడు నన్ను. ఇదా కువైటీల ఇల్లు. వాళ్లు ఇలాంటి కుక్కను కొడుకులా చూస్తారు. మెడలో కట్టె కట్టనిస్తారా."

పోలేరమ్మ గుండె కుదుటపడింది. కుదుటపడితే ఆమె నోరు ఊరుకునే రకం కాదు. "కట్టనిస్తారా మరి. వాళ్లే ఉంటే నన్ను చెట్టుకు కట్టేసి ఉందురు. ఈ రోకలి చూడు, కాఫీ దంచేది, ఎవరిదో పాతది, మూల పడి ఉండె..."

ఆ మాటకు పెద్దమామా తల తిప్పి చూసింది. అంతవరకు ఆమె చూపంతా సిపాయి తుపాకీ మీదే ఉంది. ఇప్పుడు వాడి చేతిలో ఉన్నదేమిటో చూసింది. తల్లి రోకలి. ఇత్తడి పూలు. నడుముకు బట్టల తీగ. ఒక పక్క కుక్క పళ్లగాట్లు. ముద్ద గుటుక్కున మింగింది. కర్ర నేలకు ఆనించి లేచి నిలబడింది. పోలేరమ్మ మనసులో అంతా అయిపోయిందనుకుంది. ఆరేళ్లలో ఆ ముఖం అట్లా ఎర్రబడ్డం చూడలేదు. ఇక వచ్చేది అరబ్బీ వరదే.

"నీ మొగం మండ" అంది పెద్దమామా.

అచ్చమైన రాయచోటి తెలుగు. పోలేరమ్మకు తన గొంతే ఎవరో అద్దంలోంచి తిరిగిచ్చినట్టయింది.

"తిక్కదానా. నీ నోట్లో మన్ను బడ. నోర్మూయ్. యాడ సచ్చినావు, యాడ సచ్చినావు" అని పెద్దమామా తనకొచ్చిన నాలుగు ముక్కలూ వరసగా అనేసి, కొత్తవి లేక, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"మూగ అన్నావు" అన్నాడు సిపాయి.

"మామూలుగా మూగే" అంది పోలేరమ్మ. "నన్ను తిట్టేదానికి మాత్రం దేవుడు నోరిస్తాడు."

"ఏమంటోంది?"

"కట్టె సరిగ్గా కట్టలేదంట. నేనేం చేసినా తప్పే ఈమెకు. పెండ్లయిన నాటి నుంచి ఇదే."

సిపాయి రోకలి వదిలేశాడు. "అత్తే. ఇంక సాక్షులు అక్కర్లేదు. మా ఇంట్లో మా అమ్మ, నా పెళ్లాం ఇదే మాట, భాషే వేరు."

కుక్క వదిలిన వెంటనే గడప దాటింది. కుక్క రాకూడని ఇంట్లోకి నేరుగా వచ్చి, పెద్దమామా పాదాల మీద మూతి పెట్టి, అక్కడే కూలబడింది. తిట్లు ఆగిపోయాయి. ఆమె చేయి దాని చెవుల మీదికి పోయింది.

సిపాయి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "పది రోజులుగా చూస్తున్నా. ప్రతి గేటు దగ్గరా నిలబడుతుంది. ముసలాళ్లు పోతుంటే బట్టలు వాసన చూస్తుంది. ఎముక వేసినా ముట్టదు. అది పారిపోవడం లేదమ్మా, వెతుకుతోంది. మీ అత్తను పొద్దునా సాయంత్రం చెట్టు కింద కూర్చోబెట్టు. మిద్దె మీద మావాళ్లకు నేను చెబుతాలే, ఇండియా ముసలమ్మ అని. కట్టెతో పనిలేదు."

గేటు దాకా పోయి, వెనక్కి తిరగకుండానే మళ్లీ "అస్సలాము అలైకుం" అన్నాడు.

పోలేరమ్మ పళ్లెం కేసి చూసింది. ముద్ద కలిపేంత వ్యవధి లేదు. పెద్దమామా పెదవులు కదిలాయి. "వ అలైకుం అస్సలాం" అన్న మాట చాలా మెల్లగా వచ్చింది గాని, వచ్చింది. సిపాయి ఒక్క క్షణం ఆగాడు. విన్నాడో, బూటు సరిచేసుకున్నాడో. గేటు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

పోలేరమ్మ గేటు గడియ పెట్టి వచ్చింది. ముందు పోలేరమ్మే తేరుకుంది.

"మీకు తెలుగు వచ్చునా?"

"ఆరేళ్లుగా రోజూ పాఠం చెబుతున్నావు కదా."

"అర్థం కూడా తెల్సా?"

"అర్థం దేనికి? అన్నప్పుడు నీ ముఖం చూశాను, చాలదా" అని పెద్దమామా చేయి చాచింది. "నా రోకలి విప్పు."

విప్పి, కడిగి ఇచ్చింది. కాని కుక్క మెడ ఖాళీగా వదల్లేదు. విరిగిన స్టూలు కాలొకటి తెచ్చి అదే తీగతో కట్టింది. మరునాటి నుంచి తెల్ల చీర కట్టుకుని పెద్దమామా చెట్టు కింద చాప మీద కూర్చుంది. మిద్దె మీది సిపాయిలు ఒకసారి చూసి, చేయి ఊపి, మళ్లీ చూడలేదు. కుక్క ఆమె పాదాల మీద మూతి పెట్టుకుని, మెడలో స్టూలు కాలుతో, గోడ వైపు కన్నెత్తనైనా చూడలేదు.

"చూసినారా" అంది పోలేరమ్మ సాయంత్రం. "గుది అంటే గుదే. రోకలి తేలిక, అందుకే నోట పట్టుకునింది. స్టూలు కాలు బరువు."

పెద్దమామా ఆమెను చూసింది, కుక్కను చూసింది, ఆకాశాన్ని చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఆరేళ్లలో అదే మొదటిసారి.

జనవరిలో బాంబులు పడే రోజుల్లో కుక్క వంటింట్లోనే పడుకుంది. "దేవుడికి తెలుసులే" అంది పెద్దమామా. ఫిబ్రవరి ఆఖరుకు ఇరాకీలు పోయారు. నూనె బావులు తగలబడి ఆకాశమంతా మసి. తెల్ల చీర నల్లగా అయినా ఆమె చెట్టు కింద కూర్చోవడం మానలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం జాసిమ్ బాబా, మామా, పిల్లలు వచ్చారు. పెరటి గేటు తీసుకుని వచ్చిన మామా అక్కడే నిలబడిపోయింది. చెట్టు కింద కొంగు కప్పుకుని ఒక ఇండియా ముసలమ్మ. ఆమె పాదాల మీద తమ కుక్క. కుక్క మెడలో తమ అతిథుల గది దీవానియాలోని స్టూలు కాలు. అత్తగారు గొంతు విప్పాక గాని గుర్తు పట్టలేదు. పట్టాక ఏడ్చింది, కౌగిలించుకుంది, బాబా తల్లి చేతులు ముద్దు పెట్టుకున్నాడు. ఆ సందడంతా అయ్యాక మామా చూపు మళ్లీ కుక్క మీదికి పోయింది.

"ఏమిటీ దరిద్రం దీని మెడలో? ఎవరు కట్టారు? తీసేయండి" అంది.

పోలేరమ్మ ఏదో చెప్పబోయింది. ఆరు నెలలుగా కుక్క ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు. చెప్పిన మొదటి మనిషి ఎవరో, రెండో మనిషి ఎవరో కూడా తెలుసు. ఆ మొదటి మనిషి ఇప్పుడు ఎదురుగా చాప మీద కూర్చుని ఉంది. ఒక్క మాటంటే ముప్పై ఏళ్ల పేరు పెరట్లో కలిసిపోతుంది.

"ముట్టొద్దు" అంది పెద్దమామా కర్ర అడ్డం పెట్టి. "బోలీ కట్టింది. అది లేకపోతే కుక్క గోడ దూకేది, సిపాయిలు దాని వెంట లోపలికి వచ్చేవాళ్లు. నేను ఈ రోజు నీకు కనబడేదాన్ని కాదు. ఆ కట్టె వల్లే బతికి ఉన్నాను."

అందరూ పోలేరమ్మను చూశారు. ఎప్పుడూ మాట వెతుక్కోని మనిషి కొంగుతో ముక్కు తుడుచుకుని, "కాఫీ పెడతా" అని లోపలికి పోయింది. లండన్ నుంచి తెచ్చిన గింజల సంచి విప్పింది. అలమరలోంచి ఇత్తడి పూల రోకలి తీసింది. ఈసారి ఎవరూ వద్దనలేదు. దంచసాగింది, కొంచెం గట్టిగానే.

"నీ మొగం మండ" అని పెరట్లోంచి వినబడింది. "మెల్లగా. అది మా అమ్మది."

"మీ మొగమే మండ" అంది పోలేరమ్మ వంటింట్లోంచి, ఇప్పుడిక గొణగాల్సిన పని లేదు గనుక అందరికీ వినబడేటట్టు. "దంచేది నాకు తెల్దా. మీరు కుక్కను చూసుకోండి."